బ్యాటరీ కొనే ముందు ఆ కెమెరా సంగతి చూడండి

ప్రశ్న: సార్, మాది అనంతపురం. నేను డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. మాకు 2017 మోడల్ పెట్రోల్ కారు ఉంది, చిన్నదే. కంపెనీతో వచ్చిన బ్యాటరీ పోతే 2021లో కొత్తది వేయించాం. ఎండాకాలమంతా బాగానే పనిచేసింది. ఈ డిసెంబరులో ఒకరోజు పొద్దున్నే సెల్ఫ్ వేస్తే టక్ టక్‌మని ఊరుకుంది. పక్కింటివాళ్ళ బండి నుంచి కేబుళ్ళు పెట్టి స్టార్ట్ చేశాం. మూడు రోజులు ఇంట్లో పెట్టి మళ్ళీ తీస్తే అదే కథ. మెకానిక్ చూసి, చలికి బ్యాటరీ పోయింది, మార్చాల్సిందే అన్నాడు. మూడు అంగళ్ళలో అడిగాం. ఒకాయన 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీలో ఎంత నిలవ ఉంటుందో చెప్పే కొలత) చాలు, 4,600 అన్నాడు. ఇంకొకాయన, ఏసీ వాడతారు కదా, 45 వేసుకోండి అన్నాడు. మూడో ఆయన లోకల్ బ్యాటరీ 2,400కే ఇస్తా, ఏడాది గ్యారంటీ నాది అన్నాడు. ఆన్‌లైన్‌లో ఇంకో ఐదు వందలు తక్కువ. మా ఆయనేమో తిరుపతి బ్యాటరీనే తీసుకుందాం, మన పక్కదే కదా అంటారు. దసరా సెలవుల్లో మా అబ్బాయి కారుకు కెమెరా కూడా పెట్టించాడు, దానికీ సరిపోయేది కావాలి. ఏది తీసుకుంటే నాలుగేళ్ళు టెన్షన్ లేకుండా ఉంటుంది? (ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: అమ్మా, మీరు బ్యాటరీ గురించి ఇంత రాశారు, కెమెరా గురించి ఒక్క ముక్క రాశారు. నా కన్ను ఆ ఒక్క ముక్క మీదే పడింది.

దసరాకు కెమెరా పెట్టించారు, డిసెంబరులో బండి మొరాయించింది. జంపర్ పెట్టి లేపిన తర్వాత సరిగ్గా మూడు రోజులు ఇంట్లో ఉంటే మళ్ళీ పడుకుంది. ఈ కెమెరాల్లో చాలావాటికి పార్కింగ్ మోడ్ అని ఒకటి ఉంటుంది. బండి ఆపి తాళం వేసుకుని వెళ్ళినా అది మేలుకునే ఉంటుంది, ఎవరైనా బండిని గుద్దితే రికార్డు చేయడానికి. అది పనిచేయాలంటే తీగను తాళంతో సంబంధం లేని ఫ్యూజు నుంచి లాగాలి. అంటే రాత్రీ పగలూ బ్యాటరీలోంచి తాగుతూనే ఉంటుంది. ఒక కెమెరా పావు ఆంపియర్ తీసుకుంటుందనుకుందాం. రోజుకు ఇరవై నాలుగు గంటలు, అంటే 6 ఆంపియర్ అవర్లు. మూడు రోజులకు 18. మీది 35 ఏహెచ్ బ్యాటరీ అయితే, కొత్తదిగా నిండుగా ఉన్నప్పుడు కూడా సగం ఖాళీ. నాలుగేళ్ళ పాతదానికి 35 ఎక్కడ మిగిలి ఉంటుంది? ఇరవయ్యో, ఇరవై రెండో ఉంటుంది. అందులోంచి 18 పోతే టక్ టక్ కాక ఇంకేం వినిపిస్తుంది.

కెమెరా లేకపోయినా బండి పూర్తిగా నిద్రపోదు. గడియారం, రిమోట్ తాళం, అలారం, ఇంజన్ కంప్యూటర్ కలిసి ఇరవై నుంచి యాభై మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంటాయి. అది మామూలే. ఆ లెక్కన మంచి బ్యాటరీ రెండు వారాలు బండిని అలాగే పెట్టినా తట్టుకుంటుంది. మూడు రోజులకే పడిపోయిందంటే, ఏదో తాగుతోందన్నా అనుకోవాలి, బ్యాటరీలో నిలవ చేసే శక్తి పోయిందన్నా అనుకోవాలి. మీ విషయంలో రెండూ ఉన్నాయని నా అనుమానం. అయితే ముందు కెమెరా సంగతి తేల్చకుండా కొత్త బ్యాటరీ వేస్తే, రెండేళ్ళకు మళ్ళీ నాకే ఉత్తరం రాస్తారు.

అందుకని ఎలక్ట్రికల్ సామాన్ల అంగట్లో మూడు నాలుగు వందలకు దొరికే డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కొనండి. ఇంట్లో అది ఒకటి ఉంటే అంగడివాళ్ళ ముందు మన మాటకు బరువు వస్తుంది. నేను కర్నూలులో చాలా ఏళ్ళు బండ్ల ఎలక్ట్రికల్ పని చేసినవాణ్ని. చేతిలో మీటర్ ఉన్న కస్టమర్ వస్తే మా వాళ్ళ మాట తీరే మారిపోయేది, కళ్ళారా చూశాను.

చూడాల్సింది ఇలా. సాయంత్రం బండి ఆపాక కెమెరా తీగ పీకేయండి. బానెట్ కూడా తెరిచి ఉంచుకోండి, పొద్దున్నే తలుపు తీస్తే లోపల లైట్లు వెలిగి లెక్క తప్పుతుంది. తెల్లారి మీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఎర్ర పుల్ల ప్లస్ పోస్టుకు, నల్ల పుల్ల మైనస్‌కు తాకించండి. తీగ క్లాంపుకు కాదు, మధ్యలో ఉన్న సీసం పోస్టుకే. 12.6 వస్తే నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పాతిక. 12.2 అంటే సగం. 12 దగ్గర ఉంటే అడుగంటినట్టే. ఒక రాత్రంతా ఛార్జింగ్ పెట్టించి తెచ్చినా 10.5 దగ్గరే ఆగిపోతే ఇక ఆలోచించక్కర్లేదు. లోపల ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి 2.1 వోల్టులు. ఆరింట్లో ఒకటి చచ్చిందని ఆ అంకే చెబుతోంది.

తర్వాత మీ ఆయన్ను సెల్ఫ్ వేయమని, మీరు మీటర్ చూడండి. సెల్ఫ్ మోటారు ఆ రెండు క్షణాల్లో నూరు ఆంపియర్లకు పైనే లాగుతుంది కాబట్టి వోల్టులు పడతాయి, పడాలి కూడా. కానీ నిండుగా ఛార్జ్ చేసిన బ్యాటరీ 9.6 కంటే కిందికి జారిందంటే దానికి సత్తువ లేదు. ఇంజన్ నడుస్తుండగా ఇంకోసారి చూడండి. సుమారు 13.8కీ 14.5కీ మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేసినా పదమూడుకు అటూ ఇటూనే కొట్టుకుంటుంటే తప్పు బ్యాటరీది కాదు, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌దో దాని బెల్టుదో. కొత్త బండ్లలో కంప్యూటరే ఛార్జింగ్‌ను పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి ఆ అంకె ఊగుతుంది. మీ 2017 బండికి ఆ బాధ ఉండకపోవచ్చు.

ఇంకొక చిన్న పని. క్లాంపును చేత్తో పట్టుకుని తిప్పండి. తిరిగిందంటే వదులైంది. పోస్టు చుట్టూ తెల్లగా, కొంచెం నీలం పచ్చ కలిసిన పొడి, పాత గోడ మీద ఉప్పు పొంగినట్టు పేరుకుని ఉందేమో చూడండి. అది ఉంటే కరెంటు సరిగ్గా పోదు, ఎక్కదు. గోరువెచ్చని నీళ్ళలో వంటసోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్దితే బుసబుసమని పొంగి పోతుంది. మంచినీళ్ళతో కడిగి, ఆరాక క్లాంపు బిగించి, పైన వాజెలిన్ పూయాలి. ఈ పని చేసి డబ్బు తీసుకోకుండా పంపించిన బండ్లు నా లెక్కలో చాలా ఉన్నాయి. ఒక కస్టమరైతే ఇంత చిన్నదానికా అని నన్నే అనుమానంగా చూసి, పక్క అంగట్లో కొత్త బ్యాటరీ వేయించుకుని పోయాడు.

ఇక చలికి పోయిందన్న మాట. మీ మెకానిక్ అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాడు. బ్యాటరీని చంపేది ఎండ. చలి ఆ సంగతి బయటపెడుతుంది, అంతే. బ్యాటరీ లోపల సీసం పలకలు గంధకికామ్లంలో నానుతుంటాయి. వేడి పెరిగేకొద్దీ ప్లస్ పలక జాలీ తుప్పు పడుతుంది, నీరు ఆవిరవుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారుగా సగమవుతుందని ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ వాడే మోటు లెక్క ఒకటుంది. మే నెలలో అనంతపురంలో బయటే నలభై దాటుతుంది. బండి ఆపిన అరగంటలో బానెట్ కింద ఎంత ఉంటుందో చేయి పెడితే తెలుస్తుంది. అప్పుడు తగిలిన దెబ్బ అప్పుడు కనిపించదు, ఎందుకంటే ఎండాకాలంలో ఇంజన్ ఆయిల్ పలచగా ఉండి సెల్ఫ్ సులువుగా తిరుగుతుంది. డిసెంబరులో తెల్లవారుజామున ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీలోనూ రసాయన చర్య మందగిస్తుంది. అప్పుడు దొరికిపోతుంది. రాయలసీమలో నాలుగేళ్ళు పనిచేసిన బ్యాటరీని తిట్టకూడదు. పోతే దండం పెట్టి పంపించాలి.

కాబట్టి నా సలహా: పాతదాన్ని నమ్మకమైన ఎలక్ట్రీషియన్ దగ్గర ఒక రాత్రి నిదానంగా ఛార్జింగ్ పెట్టించండి, లోడ్ టెస్ట్ (బరువు పడ్డప్పుడు వోల్టులు నిలబడతాయా అని చూసే పరీక్ష) చేయించండి. నిలబడితే కెమెరా పార్కింగ్ మోడ్ తీసేసి ఇంకొన్నాళ్ళు వాడుకోండి. నిలబడకపోతే కొనండి. నాలుగేళ్ళు దాటింది కాబట్టి కొనాల్సి రావడమే ఎక్కువ సంభవం. అందుకని కొనే సంగతికి వద్దాం.

అందరూ ముందు అడిగేది ఏ కంపెనీ అని. నేను ముందు అడిగేది ఏ నెలలో తయారైందని.

బ్యాటరీ అంగట్లో అరమీద కూర్చున్నా ముసలిదవుతుంది. దానంతట అది కొద్దికొద్దిగా డిస్ఛార్జ్ అవుతుంది, వేడికి ఇంకా వేగంగా. ఛార్జ్ తగ్గి అలాగే పడి ఉంటే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా పూర్తిగా కరగదు. రేకుల షెడ్డులో ఒక ఎండాకాలం గడిపిన పెద్ద కంపెనీ బ్యాటరీ కంటే నిన్న దిగిన సాదా బ్యాటరీ మేలు. ఈ పాఠం నేను డబ్బు కట్టి నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ కిందట అనంతపురంలో పెళ్ళికి వచ్చి రాత్రి కర్నూలుకు తిరిగి పోతుంటే గుత్తి దాటాక బండి ఆగింది. డోన్ దగ్గర హైవే పక్కన ఒక అంగడి తెరిచి ఉంది. పేరున్న కంపెనీ బ్యాటరీయే, డబ్బా మీద నాలుగేళ్ళ వారంటీ అని పెద్ద అక్షరాలు. నిద్రమత్తు, వెనక సీట్లో పిల్లలు, చేతిలో టార్చ్ లేదు. తేదీ చూడలేదు. ఇదే పని చేసేవాణ్ని, నేనే చూడలేదు! ఎనిమిది నెలలకు పోయింది. అప్పుడు తుడిచి చూస్తే, నేను కొనేనాటికే అది తయారై ఏడాదిన్నర. వారంటీ కార్డు మీద అంగడి ముద్ర లేదు. మళ్ళీ అక్కడికి పోతే, ఆ కుర్రాడు ఇప్పుడు లేడు సార్ అన్నారు.

మీరు అలా చేయకండి. తయారీ తేదీ పెట్టె మీదో, బ్యాటరీ పైన స్టిక్కర్ మీదో, లేదంటే ప్లాస్టిక్‌లో చెక్కిన కోడ్‌గానో ఉంటుంది. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. అర్థం కాకపోతే అంగడాయన్నే చదివి చెప్పమనండి, నెల, సంవత్సరం బిల్లు మీద రాయమనండి. రాయనంటే మీకు జవాబు దొరికినట్టే. మూడు నెలల లోపుది అయితే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. ఆరు నెలలు దాటితే వేరేది చూపించమనండి. మీటర్ కూడా తీసుకెళ్ళండి. కొత్త బ్యాటరీ అంగట్లోనే 12.6 దగ్గర చూపించాలి. 12.4 కంటే తక్కువ ఉంటే, బండిలో రెండు రోజులు తిరిగితే అదే నిండుతుంది మేడం అంటారు. నిండదు. ఆల్టర్నేటర్ పని వాడిన కొంచెం తిరిగి పూడ్చడం, ఎండిన చెరువు నింపడం కాదు. పోస్టుల మీద క్లాంపు గీతలు ఉన్నాయేమో కూడా చూడండి. ఉంటే అది ఇంతకుముందు ఇంకెవరి బండిలోనో తిరిగింది.

సరుకు త్వరగా కదిలే అంగడి కావాలి. టెస్టర్ ఉండాలి, వెనక ఛార్జింగ్ బెంచ్ ఉండాలి, వారంటీకి వచ్చిన పాత బ్యాటరీలు కొన్ని మూలన కనబడాలి. అవి కనబడితే భయపడకండి. ఆ అంగడివాళ్ళు వెనక్కి తీసుకుంటున్నారని అర్థం.

మీ ఆయన తిరుపతి అంటున్నది అమరాన్ అనుకుంటాను. గల్లా రామచంద్ర నాయుడు గారు 1985లో మొదలుపెట్టిన అమరరాజా వాళ్ళది. మనవాళ్ళ పెద్ద ఫ్యాక్టరీ అని మనకు ముచ్చట ఉంటుంది, నాకూ ఉంది. అలాగని ఎక్సైడ్ ఏమీ ఖండాలు దాటి రాదు. కలకత్తా కంపెనీయే అయినా హోసూరులోనూ దానికి ఫ్యాక్టరీ ఉంది, బెంగళూరు అవతలే కదా. రెండూ మంచివే. వీటి తర్వాత వరసలో వచ్చే ఎస్ఎఫ్, టాటా గ్రీన్ లాంటివి కూడా తాజావి దొరికితే బాగానే పనిచేస్తాయి. తిరుపతిలో పుట్టినంత మాత్రాన మీ అంగట్లో ఉన్నది తాజాదని కాదు. దగ్గర ఊరి నుంచి వచ్చిన పాలు కూడా నిన్నటివైతే విరుగుతాయి.

35, 45 పంచాయితీకి తీర్పు సులువు. బండితో వచ్చిన పుస్తకంలో ఏముందో, లేదా పాత బ్యాటరీ స్టిక్కర్ మీద ఏముందో అదే వేయండి. తక్కువ వేయకూడదు. కొంచెం ఎక్కువ వేస్తే ఆల్టర్నేటర్ కాలిపోతుందని కొందరు భయపెడతారు, అది నిజం కాదు. కానీ 45 వేస్తే ఏసీ బాగా వస్తుందన్నది కూడా నిజం కాదు. బండి నడుస్తున్నప్పుడు ఏసీ ఫ్యానుకు కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటర్, కంప్రెసర్‌ను తిప్పేది ఇంజన్ బెల్టు. పెద్దది వేసినప్పుడు వచ్చే అసలు చిక్కు చోటు. ట్రేలో సరిగ్గా కూర్చోదు, పైన బిగించే పట్టీ అందదు. పట్టీ లేని బ్యాటరీ మన రోడ్ల మీద ఊగి ఊగి లోపలి పలకల పూత రాలుతుంది. ఎత్తు ఎక్కువైతే ప్లస్ పోస్టు బానెట్ రేకుకు తగిలి మంటలే రావచ్చు. అందుకే ఆ కోడ్ మొత్తం సరిపోవాలి. 38బి20ఎల్ అని ఉందనుకోండి, మొదటి అంకె దాని సత్తా, బి అన్నది అడ్డు ఎత్తుల కొలత, 20 పొడవు సెంటీమీటర్లలో, చివరి ఎల్ పోస్టులు ఏ వైపున్నాయో చెబుతుంది. ఎల్ బదులు ఆర్ తెస్తే తీగ అందదు. అందదని లాగి బిగించే వీరులు కూడా ఉన్నారు, దగ్గరుండి చూసుకోండి.

సీసీఏ అని ఇంకో అంకె రాసి ఉంటుంది, గడ్డకట్టే చలిలో సెల్ఫ్‌ను తిప్పే శక్తి అది. మైనస్ 18 డిగ్రీల దగ్గర కొలుస్తారు. అనంతపురంలో ఆ చలి ఎవరూ చూడబోరు గనక దానికోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. ఒకదానికి మాత్రం పనికొస్తుంది: టెస్టర్ పెట్టినప్పుడు స్టిక్కర్ మీద ఉన్న సీసీఏకు దగ్గరగా వస్తే బ్యాటరీ ఆరోగ్యంగా ఉన్నట్టు. కొత్తది బిగించే ముందే టెస్టర్ చూపించిన ఆ అంకెతో చీటీ ఒకటి తీసి ఇమ్మనండి.

సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తాను ఆగి మళ్ళీ స్టార్ట్ అయ్యే రకం బండ్లకు మాత్రం మామూలు బ్యాటరీ వేయకూడదు, వాటికి ఈఎఫ్‌బీ అనో ఏజీఎం అనో రాసి ఉన్నదే కావాలి. మీది ఆ రకం కాదనుకుంటున్నాను. అయినా పాతదాని మీద ఒకసారి చూసుకోండి.

లోకల్ బ్యాటరీ 2,400. బ్యాటరీ ధరలో పెద్ద భాగం సీసానిదే. సగం ధరకు ఇస్తున్నాడంటే సీసమన్నా తగ్గాలి, పాత పలకలన్నా వాడాలి. చేత్తో ఎత్తి చూడండి. 35 ఏహెచ్ మంచి బ్యాటరీ తొమ్మిది పది కిలోలుంటుంది, పక్కన కంపెనీది ఒకటి ఎత్తి ఇది ఎత్తితే చేతికే తెలిసిపోతుంది. ఆ అంగడాయన మంచివాడే అయినా, నా గ్యారంటీ అన్నది ఆయన అంగడి తెరిచి ఉన్నన్నాళ్ళే. ఊళ్ళో తిరిగే ఆటోవాళ్ళు ఇవి వేసుకుంటారు, వాళ్ళ లెక్క వేరు. ఆగితే దిగి నెట్టుకుంటారు, పక్కనే ఇంకో ఆటో ఉంటుంది. మీరు పిల్లలతో తాడిపత్రి రోడ్డు మీద రాత్రిపూట ఆగాల్సిన అవసరం లేదు.

ఆన్‌లైన్ ఐదు వందల సంగతి. ఇంటికొచ్చి బిగించి, బిగించే ముందు తేదీ చూపించి, వారంటీని సీరియల్ నంబరుతో మీ ఫోన్లోనే నమోదు చేసి పోతామంటే తీసుకోండి. పెట్టె గుమ్మం దగ్గర పెట్టి పోతామంటే వద్దు. పాతదాన్ని తీసుకుపోతారా లేదా అన్నది కూడా చూడండి, ఆన్‌లైన్ ధరలో ఎక్స్ఛేంజ్ కలిపారా లేదా అన్న దగ్గరే ఆ ఐదు వందలు తేలిపోతాయి.

వారంటీ అంకెల మీద కొంచెం ఆగుదాం, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. అసలు దీన్ని మోసం అనడం కూడా తప్పు, అంతా కార్డు మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. 48 నెలలు అని పెద్దగా రాసి, కింద 24 ప్లస్ 24 అని ఉంటుంది. మొదటి 24 నెలల్లో పోతే ఉచితంగా కొత్తది. తర్వాతి 24 నెలల్లో పోతే, గడిచిన కాలాన్నిబట్టి తగ్గింపు. ఆ తగ్గింపు ఎంఆర్‌పీ మీద, మీరు కొన్న ధర మీద కాదు. ఎంఆర్‌పీ 6,000 ఉన్న బ్యాటరీ అంగట్లో 4,600కే అమ్ముతున్నారనుకుందాం. మూడో ఏడాదిలో పోయింది, ముప్పై శాతం తగ్గిస్తామన్నారు. 6,000లో 1,800 పోతే 4,200. పాత బ్యాటరీ వాళ్ళే ఉంచుకుంటారు. అంటే మీకు మిగిలింది నాలుగు వందలు, పాతది తూకానికి అమ్మితే వచ్చేది కూడా పోయింది. కాబట్టి బ్యాటరీలను పోల్చేటప్పుడు మొదటి అంకెనే చూడండి. 24 ప్లస్ 24 కంటే 30 ప్లస్ 25 ఉన్నది ధర ఎక్కువైనా మన ఎండలకు మేలు. ఉచితంగా కొత్తది ఇచ్చినా దానికి మళ్ళీ మొదటి నుంచి వారంటీ రాదు, సాధారణంగా మిగిలిన నెలలే ఉంటాయి. ట్యాక్సీగా తిప్పితే వారంటీ తగ్గుతుంది. కేవలం డిస్ఛార్జ్ అయితే వారంటీలోకి రాదు, ఛార్జ్ చేసి తిరిగి ఇచ్చేస్తారు. మీ కెమెరా పార్కింగ్ మోడ్‌లోనే ఉంటే రేపు కొత్త బ్యాటరీకి జరగబోయేది ఇదే. క్లెయిముకు పోతే ఒకటి రెండు రోజులు వాళ్ళ దగ్గరే పెట్టుకుని పరీక్షిస్తారు. ఆ రెండు రోజులకు వేరే బ్యాటరీ ఇస్తారా అని కొనేటప్పుడే అడగండి, డబ్బులిచ్చాక అడిగితే గొంతు మారుతుంది.

కార్డు మీద అంగడి ముద్ర, తేదీ, బ్యాటరీ సీరియల్ నంబరు, మీ బండి నంబరు నాలుగూ ఉండాలి. జీఎస్టీ బిల్లు తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ బ్యాటరీల మీద పన్ను 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత ఎంఆర్‌పీ స్టిక్కర్ ఉన్న సరుకు చూపించి పాత లెక్క చెబితే ఈ మాట గుర్తు చేయండి. అలాంటి స్టిక్కర్ ఉందంటే సరుకు కూడా పాతదేనని మీకు వేరే చెప్పనక్కర్లేదు.

పాత బ్యాటరీని ఇంట్లో పెట్టుకోవద్దు, గుజిరీ వాళ్ళకు వేయొద్దు. వాళ్ళలో కొందరు యాసిడ్‌ను మురిక్కాలువలో పోసి, సీసాన్ని ఊరి బయట కరిగిస్తారు. ఆ పొగ పిల్లల మెదడుకు విషం. అమ్మిన కంపెనీలే పాతవి వెనక్కి సేకరించాలని 2022లో కేంద్రం బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు తెచ్చింది. అంగట్లో ఎక్స్ఛేంజ్ ఇచ్చేయండి, ఆ విలువ బిల్లులో విడిగా చూపించమనండి.

బిగించేటప్పుడు దగ్గరుండండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు ప్లస్ ముందు. పాతదాని చుట్టూ ప్లాస్టిక్‌తోనో మందపాటి గుడ్డతోనో చేసిన తొడుగు ఉంటే, ఇదెందుకు సార్ అడ్డం అని పక్కన పారేస్తారు. పారేయనివ్వకండి. ఇంజన్ వేడి నేరుగా తగలకుండా కంపెనీ పెట్టిన తొడుగది, అనంతపురంలో దానికంటే చవకైన ఆయుష్షు మందు లేదు. బిగించాక ఇంజన్ నడిపి, ఛార్జింగ్ వోల్టులు మీటర్‌లో చూపించమనండి. అది 15 దాటి కొడుతున్నా చేటే, కొత్త బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది.

మీరు తీసుకునేదానికి పైన మూతలు ఉంటే రెండు నెలలకోసారి నీళ్ళ మట్టం చూడాలి. డిస్టిల్డ్ వాటరే పోయాలి. మన బోరు నీళ్ళలో ఉప్పులు, ఫ్లోరైడ్ ఎంత ఉంటాయో మీకు చెప్పాలా, కాఫీ కాచే గిన్నె అడుగు చూస్తే చాలు. ఆర్వో నీళ్ళు కూడా వద్దు. యాసిడ్ అసలే పోయకండి. మూతలు లేని సీల్డ్ రకమైతే చాలావాటికి పైన చిన్న గాజు కన్ను ఉంటుంది, ఆకుపచ్చగా కనబడితే బాగున్నట్టు. ఆ కన్ను ఆరు సెల్స్‌లో ఒక్కదాన్నే చూస్తుంది, మిగతా ఐదింటికి అది పూచీ కాదు. అందుకే మీటర్ కొనమన్నాను.

మీ కాలేజీ ఇంటికి ఎంత దూరమో రాయలేదు. రెండు మూడు కిలోమీటర్లే అయితే, సెల్ఫ్ తీసుకున్నది తిరిగి నిండేలోపే బండి ఆపేస్తున్నారు. వారానికి ఒకసారి ఓ నలభై నిమిషాలు తిప్పండి, కదిరి రోడ్డు పట్టుకుని పోయి రండి. వేసవి సెలవుల్లో పది పదిహేను రోజులు ఊరెళ్తుంటే మైనస్ తీగ విప్పేసి పోవచ్చు. గడియారం మళ్ళీ పెట్టుకోవాలి, పాటల పెట్టెకు కోడ్ ఉంటే ముందే రాసి పెట్టుకోవాలి, అంతే. మీ అబ్బాయికి కెమెరా మీద ముచ్చట ఉంటే దాన్ని తీసేయనక్కర్లేదు. తాళం వేస్తే కరెంటు ఆగిపోయే ఫ్యూజుకు మార్పించండి. పార్కింగ్‌లోనూ కావాలంటాడు, అప్పుడు వోల్టులు 12.2 దగ్గరికి పడగానే తనంతట తాను ఆగిపోయే తీగ సెట్టు దొరుకుతుంది, అది వేయించండి. పదిహేను నిమిషాల పని.

ఈ శనివారం రాత్రి కెమెరా తీగ పీకి, ఆదివారం పొద్దున కాఫీకి ముందే మీటర్ పెట్టి చూడండి. అంకె నాకు రాయండి. 12.4 పైన వస్తే సోమవారం అంగడికి పోకండి.